అమ్మ చెయ్యి ఉన్న గోడ

మ్యూజియంలో ఆ గది తయారుచేసిన డిజైనరమ్మ మంచి ఉద్దేశంతోనే చేసింది. చీకటి గది, గోడకి మోచేతిదాకా చెయ్యి దూరేంత కన్నం, లోపల గోరువెచ్చని రబ్బరు చెయ్యి. అయినవాళ్ళని పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి కాసేపు ఆ చెయ్యి పట్టుకుని నిలబడతారనుకుంది. ఆ చేతి అచ్చు తన సొంత తల్లిదే. ఆవిడ పోకముందు, మంచాన పడి ఉండగానే, అచ్చు తీసే చల్లటి ముద్దలో చెయ్యి నొక్కిపెట్టి తీసింది. "నొప్పిగా ఉందే, ఇక వదులు," అని ఆవిడ గొణిగినా వినలేదు.

జనం మాత్రం తమకి తోచినట్టు వాడుకున్నారు. మొదటివారం నిమిరారు. రెండోవారానికి గిల్లడం మొదలైంది. ఆపైన వేళ్ళు వెనక్కి విరిచేవాళ్ళు, గుండుసూదులు గుచ్చేవాళ్ళు. గిల్లితే చెయ్యి వెనక్కి లాక్కుంటోందని నోటా నోటా పాకి, బయట వరస రెట్టింపయింది. లోపల మోటారేదీ లేదని ఆమెకి తెలుసు. అయినా నోరు మెదపలేదు. తన గది పేరు ఊరంతా మోగిపోతోంది మరి.

సెలవురోజు మధ్యాహ్నం ఆ చేతిని ఊడదీసి, బాగుచేద్దామని పై అంతస్తులో బల్లమీద పెట్టింది. రబ్బరు అక్కడక్కడా కమిలి నల్లబడింది. కన్నం కొలత తీసుకోవడానికి ఒక్కతే కిందికి దిగింది. గదిలో మందుల వాసన, చెమట వాసన. ఎక్కడా చప్పుడు లేదు. కన్నంలో చెయ్యి పెట్టింది.

లోపల ఏదో ఆమె చేతిని పట్టుకుంది.

వెచ్చగా... మెత్తగా... అమ్మ పట్టే, చిన్నప్పుడు గోళ్ళు కత్తిరించేటప్పుడు పట్టుకునే పట్టు. ఆమెకి ఏడుపు ముంచుకొచ్చింది. కళ్ళు మూసుకుని గోడకి నుదురు ఆనించింది.

అప్పుడు లోపలి చెయ్యి గిల్లింది.

ఆమె తన చెయ్యి లాక్కోబోయింది. రాలేదు. చూపుడువేలు వెనక్కి వంగింది... ఇంకా వెనక్కి... పుటుక్కుమంది. తర్వాత పక్కవేలు.

"అమ్మా... వద్దమ్మా..."

చెవి పక్కనే, నెమ్మదిగా, "వాళ్ళందరినీ నువ్వే పంపావా, తల్లీ?"

కేకలు విని కాపలామనిషి పరిగెత్తుకొచ్చి ఆమెని వెనక్కి లాగేసరికి మూడు వేళ్ళు విరిగిపోయాయి. గోడ వెనక చూస్తే ఎవరూ లేరు.

వేళ్ళ చివర్లు కూడా కనపడకుండా ఆస్పత్రిలో కట్టు వేశారు. ఆరు వారాలూ ఆ కట్టుని ఎవరూ ముట్టుకోలేదు. విప్పిన రోజు ఎముకలు చక్కగా అతుక్కున్నాయని డాక్టరు సంతోషించాడు. అంతలోనే ఆయన చెయ్యి ఆగిపోయింది.

"గోళ్ళు ఎవరు కత్తిరించారమ్మా?"

అయిదు గోళ్ళూ కండదాకా కత్తిరించి ఉన్నాయి. నెత్తురింకా తడారలేదు.