మూడో బ్లాకులో ఒంటి చప్పట

మా దీవుల రాజధాని సువాలో, యూనివర్సిటీ హాస్టళ్ళ వెనక, మడచెట్ల పక్కన, మూడో బ్లాకుంది. తుఫానుకి సగం కప్పెగిరిపోతే మూసేశారు. పదకొండు దాటాక అటు ఎవడూ పోడు.

లోపల్నించి చప్పట వినిపిస్తుంది. ఒక్కటే.

చేతులు బోలుగా పట్టి కొట్టే చప్పట — డబ్ — అంతే. తర్వాత ఏమీ ఉండదు…

భయమంతా ఆ ఏమీ లేకపోవడంతోనే. యంగోనా — వేరు దంచి నీళ్ళలో కలిపే మత్తుపానీయం — అందరూ కూర్చుని తాగేటప్పుడు చిప్ప అందుకునేవాడు ఒక్కసారి కొడతాడు. తాగేశాక చుట్టూ ఉన్నవాళ్ళు మూడు కొట్టాలి. అంటే లోపల ఎవడో ఒక్కటి కొట్టి… ఆ మూడింటి కోసం చూస్తున్నాడన్నమాట. అవి కొట్టినవాడి పేరు పట్టాల జాబితాలో ఉండదని సీనియర్లు చెప్పేవాళ్ళు.

నా రూమ్మేట్ పెనాయాకి ఏం జరిగిందో వాడు చెప్పినట్టే చెప్తున్నా.

వాడిది కందావు దీవి. పట్టాకి స్టాటిస్టిక్స్ ఒక్కటే అడ్డం. జాబితా తెల్లారి పెడతారు. కానీ ఊళ్ళో ఎవరూ ఆగలేదు. పట్టా వేడుకకి చాపలు అల్లేశారు. శుక్రవారం ఓడకి వాళ్ళ నాన్న, ఇంకో పదిమంది వచ్చేస్తున్నారు.

"ఇంకా తెలీదని చెప్పరా," అన్నాను.

"మీ లంబాసా వాళ్ళకి చెరుకు నమలడం తప్ప ఏం తెలుసురా! మా చర్చి గోడ మీద సకియూస బావ పట్టా గౌనులో దిగిన ఫోటో ఉంది. దాని పక్కన నాకోసం మేకు కొట్టి ఉంచారు."

సకియూస వాళ్ళ ఊళ్ళో మొట్టమొదట పట్టా తెచ్చుకున్నవాడు. రెండేళ్ళుగా ఇక్కడే ఏదో ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగమట. కలుద్దామంటే మాత్రం ఎప్పుడూ ఒకటే మెసేజ్ — "బిజీ బావా."

ఆ రాత్రి ఒకటే వాన. కంప్యూటర్ ల్యాబు మూసేశారు. గొడుగు లేదని పెనాయా అడ్డదారిలో మూడో బ్లాకు పక్కనుంచి పరిగెత్తాడు.

డబ్.

కాళ్ళు ఆగిపోయాయి. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు…

పారిపోవాలనే అనుకున్నాడట. కానీ పుట్టినప్పట్నుంచీ అలవాటైన చేతులు — మనసుని అడగవు. డబ్. డబ్. డబ్. కొట్టేశాడు.

లోపల ఏదో కింద పడింది.

"ఎవరది…?"

కందావు యాస.

పెనాయా కిటికీలోంచి ఫోన్ లైటు వేశాడు. ప్లాస్టిక్ బేసిన్లో యంగోనా. కొబ్బరి చిప్ప. తాడు మీద ఆరేసిన తెల్ల చొక్కా. దాని కింద — చర్చి గోడ మీది ఫోటోలో మొహం. సగానికి చిక్కిపోయిన మొహం.

"లైటార్పు బావా. వాచ్‌మన్ చూస్తాడు."

"నువ్వు… ఆఫీసులో కదా?"

"ఏ ఆఫీసు?" సకియూస నవ్వాడట. "రెండు సబ్జెక్టులు పోయాయి. అప్పటికే మనవాళ్ళ ఓడ వచ్చేసింది. ఆ గౌను వేరేవాడిది."

"ఊరికి వెళ్ళిపోవచ్చుగా!"

"ఎలా వెళ్తాను బావా? అక్కడ నేను గోడ మీదున్నాను కదా."

చిప్ప ముంచి ఇచ్చాడు.

"ఎన్నాళ్ళయిందో… నాకెవరైనా మూడు కొట్టి."

రెండింటికి పెనాయా గదికొచ్చి, తడిబట్టల్తోనే మంచం మీద కూలబడ్డాడు. "దెయ్యమైనా బావుండేదిరా," అన్నాడు.

పొద్దున జాబితాలో వాడి పేరు లేదు. రెండు మార్కులు తక్కువ. ఆ జాబితా ముందురోజు సాయంత్రం నాలుగింటికే ప్రింటయిందట. పాపం, చప్పట్లదేం తప్పు?

శుక్రవారం ఓడ వచ్చింది.

వాడు వేసుకున్న గౌను నాది. హాల్లోకి పాసులు దొరకలేదని వాడే అందరికీ చెప్పాడు. బయట తురాయి చెట్టు కింద నిలబెట్టి ఫోటో తీసింది నేను. వాళ్ళ నాన్న కొడుకు మెడలో దండ సర్ది, గౌను లేని నన్ను చూసి దగ్గరికొచ్చాడు. భుజమ్మీద చెయ్యేశాడు.

"బాధపడకు బాబూ. వచ్చే ఏడాది నీకూ వస్తుంది."

పెనాయా తల తిప్పేసుకున్నాడు. నేను "సరే నాన్నగారూ" అన్నాను.

ఓడ వెళ్ళిపోయింది. వాడు ఎక్కలేదు. ఉద్యోగం వచ్చిందని చెప్పాడు వాళ్ళకి. ఆ సాయంత్రమే గది ఖాళీ చేసి ఎటో పోయాడు. నా గౌను కూడా వెనక్కి రాలేదు.

ఇప్పుడు మూడో బ్లాకులో చప్పట్లు మారాయి. ఒక్కటి… కొంచెం ఆగి… మూడు.

నా దగ్గర పట్టా ఉంది. ఉద్యోగం లేదు. ఇంట్లో మాత్రం ఉందనే చెప్పాను. ఆదివారానికి ఈ గది ఖాళీ చెయ్యాలి.

నిన్న రాత్రి వానలో మళ్ళీ విన్నాను. ఒక్కటి… మూడు. తర్వాత చాలాసేపటికి ఇంకొకటి — డబ్ — మా కిటికీ వైపు తిరిగి కొట్టినట్టు.

ఈసారి మూడు రాలేదు.

రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, తెల్లారేదాకా అలాగే కూర్చున్నాను.