ఎర్రగీత దగ్గర కోయకండి

"మీ కంప్యూటర్‌కి మా పెదనాన్న మీద కోపమేంటండీ?"

లైబ్రరీ హెల్ప్ డెస్క్ మీద ల్యాప్‌టాప్ దబ్బున పెట్టి అడిగాడతను. చెవి వెనక ఎర్ర పెన్సిల్, జుట్టు నిండా రంపపు పొట్టు. వడ్రంగి అని వేరే చెప్పక్కర్లేదు.

డెస్క్ వెనక అమ్మాయి తలెత్తింది. "మా కంప్యూటర్ కాదండీ, అది మీదే. ముందు కూర్చోండి."

కూర్చున్నాడు. అప్పుడు చూశాడు ఆమె కళ్లు. అంతే, మోసుకొచ్చిన కోపం ఎక్కడ పెట్టాడో ఎంత వెతుక్కున్నా దొరకలేదు.

సంగతి ఇదీ. నలభై ఏళ్లు కర్రపని చేసిన పెదనాన్న, చేతులు వణకడం మొదలవగానే తనకు తెలిసిందంతా ఒక నోట్‌బుక్‌లోకి ఎక్కించాడు. ట్రేడ్ స్కూల్ ప్రిన్సిపాల్ అది చూసి, టైపు చేసి ఇస్తే పిల్లలకు పాఠంగా పెడతానన్నాడు. గడువు ఈ సాయంత్రం ఐదింటికి. దాటితే వేరే పుస్తకం పెట్టేస్తారు. మూడు నెలలు ఒంటివేలితో టైపు కొట్టింది ఇతనే. తీరా చూస్తే పేజీల నిండా ఎర్రగీతలు!

"గీతలున్న మాటల్ని ఏం చేశారు?"

"కోసేశాను."

"ఏంటీ?"

"మా షాపులో చెక్క మీద ఎర్రగీత ఉంటే అక్కడ కోయమనేగా! అందుకే ఆ మాటలు తీసేసి, గీత రాని మాట పెట్టాను. పది పేజీలు కోశాక ఇక చెయ్యాడలేదండీ. పరిగెత్తుకొచ్చాను."

ఆమె పైకే చదివింది. "'పనిముట్టుతో చెక్కి, పనిముట్టుతో తొలిచి, పనిముట్టుతో మూల సరిచూసి...' ఏ పనిముట్టండీ, పనిముట్టు గారూ?" పడీ పడీ నవ్వింది.

అతను సంచిలోంచి నోట్‌బుక్ తీసి తెరిచాడు. చెక్కడానికి బాడిస. తొలవడానికి బరమా. మూల సరిచూడ్డానికి మూలమట్టం. ఒక్కో మాట పక్కన పెదనాన్న వేసిన బొమ్మ, దాన్ని ఎలా పట్టుకోవాలో నాలుగు ముక్కలు.

ఆమె నవ్వు ఆగిపోయింది. ఒక పేజీ తిప్పింది, ఇంకోటి తిప్పింది. "ఇన్ని ఉన్నాయా! పొద్దస్తమానం ఈ బల్ల మీదే చేతులానించుకుని కూర్చుంటాను. దీని వెనక ఇంత విద్య ఉందని ఇవాళే తెలిసిందండీ."

"మరి కంప్యూటర్ తప్పంటోందిగా?"

"తప్పనట్లేదు. 'ఈ మాట నాకు తెలీదు, కాస్త పరిచయం చేయండి' అంటోంది. మనమే టైపు తప్పు కొట్టామా, దానికే తెలీదా అన్నది మనం చూసుకోవాలి. నీలంగీత వస్తే వాక్యం ఎక్కడో తడబడిందేమోనని దాని డౌట్. అడగడమే దాని పని, తీర్పు చెప్పడం కాదు. ఇదిగో, పదకొండో పేజీలో బాడిస ఉంది. దాని మీద కుడి క్లిక్ కొట్టండి. 'నిఘంటువులో చేర్చు' అని ఉందా? నొక్కండి."

నొక్కాడు. ఆ గీత మాయమైంది. కిందికి జరిపితే, మిగిలిన ముప్పై పేజీల్లోనూ ఏ బాడిస కిందా గీత లేదు! అతనికి ఒళ్లు జలదరించింది. ఇంత లోకం తెలిసిన యంత్రం, బుద్ధిగా కూర్చుని పెదనాన్న దగ్గర మాట నేర్చుకుందా?

"ఇంకెప్పుడూ అడగదా?"

"ఈ ల్యాప్‌టాప్‌లో అడగదు. మీరు నేర్పారుగా!"

తర్వాత అతను నోట్‌బుక్ చదువుతుంటే, కోసిన మాటలన్నీ ఆమె ఎక్కడివక్కడ అతికించింది. భోజనం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. ఐదింటికి ఇరవై నిమిషాలుండగా ఫైల్ పంపి, ఒకేసారి ఊపిరి పీల్చుకున్నారు.

నెల తిరిగేసరికి పుస్తకం వచ్చింది. చూద్దామని ఆమె షాపుకు వచ్చింది. పెదనాన్న వణికే వేలితో బాడిస అన్న మాటను తడిమి, కళ్లు తుడుచుకున్నాడు. "ఒక్క మాట పోలేదు. చల్లగా ఉండు తల్లీ."

ఇతను మాత్రం చిత్రిక పట్టిన చెక్క మీద పెన్సిల్‌తో రాసి ఆమె ముందు పెట్టాడు. 'మీరు కనబడ్డప్పట్నుంచీ నాకే పనీ తోచట్లేదు. పెళ్లి చేసుకుందామా?'

ఆమె రెండుసార్లు చదివింది. అతని చెవి వెనక పెన్సిల్ లాక్కుని, ఆ మాటల కింద వంకరటింకరగా ఎర్రగీత గీసింది.

అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. "కోసేయమంటారా?"

"అయ్యో పనిముట్టు గారూ! ఎర్రగీత అంటే ఏం చెప్పానండీ ఆ రోజు?"

అతనికి వెంటనే వెలగలేదు. నెల రోజులుగా ఆమె చెప్పిన ప్రతి మాటా అతని నోట వినీ వినీ ఉన్న పెదనాన్నకు మాత్రం ఠక్కున వెలిగింది.

"పరిచయం చేయమంటోందిరా మొద్దూ! అమ్మాయికి ఆ స్టూలు వెయ్యి. నీ చిన్నప్పట్నుంచీ మొదలుపెట్టు, ఏదీ కొయ్యకుండా చెప్పు."