బ్లెస్సీకి రావలసింది

పొద్దున్నే ఇడ్లీలు పొయ్యిమీద పెట్టి, డయానా కూతురి వేలు పట్టుకుంది. తొమ్మిదేళ్ళ బ్లెస్సీకి కిందటేడు సుగర్ బయటపడింది. రోజూ తినేముందు వేలు గుచ్చి చూడాలి, ఇన్సులిన్ వెయ్యాలి.

“ఈపూట వద్దమ్మా. నిన్న స్కూల్లో కూడా చూసుకోలేదు. బాగానే ఉన్నాగా,” అంది పిల్ల.

“ఎందుకు చూసుకోలేదే?”

“స్ట్రిప్పులు అయిపోతే కొనడానికి నువ్వు ఇంకా ట్యూషన్లు చెప్పాలిగా.”

డయానా స్ట్రిప్పు తీసి పిల్ల వేలు గుచ్చింది. విడాకులప్పుడు బ్లెస్సీకోసం ఆరోన్ ఇవ్వాలని కోర్టు రాసిన మనోవర్తి, పాలడబ్బాల కాలం నాటిది. ఇప్పుడది మందులషాపులోనే అయిపోతోంది. ప్రైవేటు స్కూలు టీచరు జీతంతో ఎన్నాళ్ళని నెట్టుకొస్తుంది, పాపం?

“నాన్నా, ఇవాళ లాయరు దగ్గరికి వెళ్తున్నా. మనోవర్తి పెంచమని అడుగుతా.”

వరండాలో పేపరు చదువుతున్న ఆమె తండ్రి జీవరత్నంగారు కళ్ళజోడు తీశారు. రిటైరైన హెడ్మాస్టరు, పైగా చర్చిలో సంఘపెద్ద. ఇంక చెప్పేదేముంది?

“పాస్టరుగారి ముందు, పెద్దలందరి ముందూ మాటిచ్చానమ్మా, అప్పుడు ఒప్పుకున్నదానిమీద పైసా కూడా ఎక్కువ అడగబోమని. ఇప్పుడు చెయ్యి చాస్తే ఆదివారం గుళ్ళో ముందు బెంచీలో ఎలా కూర్చోను?”

“వెనక బెంచీలో కూర్చో నాన్నా. ప్రార్థన అక్కడికీ వినిపిస్తుంది.”

అక్కడితో ఆగలేదు డయానా. వెంటనే ఆరోన్‌కి ఫోన్ చేసింది. బెంజ్ సర్కిల్ దగ్గర బైకుల షోరూములో మేనేజరతను. పనికి వెళ్తూ వెళ్తూ వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

“కోర్టులో పిటిషన్ వేస్తున్నా. చాటుగా చెయ్యడం నాకు చేతకాదు, అందుకే పిలిచా. పిల్ల ఖర్చు మారింది, నువ్విచ్చేదీ మారాలి,” అంది.

ఆరోన్ వింతగా చూశాడు. “నీకు తెలీదా? కిందటేడు బ్లెస్సీ ఆస్పత్రిలో ఉన్నప్పుడే ఈ ఇంటికి వచ్చాను. ఇకమీద ఎక్కువిస్తానన్నాను. మామయ్యగారు గేటు దగ్గరే ఆపి, మా పిల్లని మేం సాక్కోగలం, నీ డబ్బు పట్టుకుపో అన్నారు.”

డయానా తండ్రివైపు తిరిగింది. ఆయన తల దించుకున్నారు. ఇన్నాళ్ళూ ఆరోన్‌ని మనసులో ఎన్ని తిట్లు తిట్టుకుందో. కోపం, ఏడుపు ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఏడుపు ఆపుకుంది.

“నాన్నా, అది నీదీ కాదు, నాదీ కాదు. బ్లెస్సీది. వద్దనడానికి మనమెవరం? నీ మాట నిలబడ్డానికి ఆ పిల్ల వేలు గుచ్చుకోవడం మానేసింది, తెలుసా?” ఆపైన ఆరోన్‌కేసి తిరిగింది. “ఆయన వద్దంటే వెళ్ళిపోవడమేనా? నా నంబరు లేదా నీ దగ్గర?”

“రోషమొచ్చింది,” అన్నాడతను మెల్లగా. “తప్పే.”

“మీ ఇద్దరి రోషాలకీ పిల్ల దొరికింది. నోటిమాటలు ఇక చాలు. కోర్టు ఆర్డరే మారాలి. ఏటేటా కొంత పెరగాలని కూడా రాయిస్తా.”

“రాయించు. సంతకం పెడతా.”

ఇద్దరూ కలిసి వేసిన పిటిషన్ విచారణకొచ్చిన రోజు, ఎవరూ పిలవకపోయినా జీవరత్నంగారు కోర్టుకొచ్చారు. జడ్జిగారు కాగితాలు చూసి, “ఇద్దరికీ ఇష్టమే అయినప్పుడు ఇన్నాళ్ళెందుకు ఆగారమ్మా?” అని అడిగారు. తండ్రి పేరు చెప్పడానికి డయానాకు నోరు రాలేదు.

గోడపక్కనున్న జీవరత్నంగారు ముందుకొచ్చారు.

“నావల్లనండీ. మనవరాలికి రావలసింది నేనే తిప్పిపంపాను. నా పరువు చూసుకున్నాను గానీ, పిల్ల అవసరం చూడలేదు,” అన్నారు, బడి పిల్లల్ని గడగడలాడించిన ఆ హెడ్మాస్టరు.

జడ్జిగారు మనోవర్తి పెంచుతూ ఆర్డరు వేశాక, బయటికి రాగానే డయానా తండ్రి చెయ్యి పట్టుకుంది. అన్నాళ్ళూ ఆపుకున్న కన్నీళ్ళు అప్పుడొచ్చాయి.

“ఈ మాట బ్లెస్సీకి కూడా చెప్పు నాన్నా.”

“దానికే ముందు చెప్పానమ్మా, పొద్దున్న. ‘సరేలే తాతయ్యా, కోర్టుకెళ్ళి అక్కడ కూడా చెప్పు’ అంది.”