జన్నిస్ బాబాయ్ మాళిగ

మధ్యాహ్నపు ఎండకి మీలోస్ దీవి అంతా కునుకు తీస్తోంది. అరుగు మీద పిన్ని ఊరగాయకని ఆరబెట్టిన కేపర్ మొగ్గల ఘాటు. పక్కనే జన్నిస్ బాబాయ్ చెప్పులు. వాటి అడుగున తెల్లటి రాతిపొడి.

ఆ పొడి ఎక్కడిదో మా ఊళ్ళో చంటిపిల్లలకి కూడా తెలుసు. తొలినాటి క్రైస్తవులు కొండ కడుపులో సమాధులు తొలిచిన రాయిది. మా ఇంటి నేలమాళిగ గోడకి అవతల ఉన్నది ఆ కొండే. అక్కడ గునపం దించినవాడికి జైలు, ఇల్లు జప్తు.

"మాళిగకి కొత్త తాళం ఎందుకు బాబాయ్?"

"ఎలుకలే, కల్లిరోయీ."

"ఎలుకలకి తాళమా? అవి తాళంచెవి పెట్టి తీసుకుని వస్తున్నాయా?"

"నీ వాదనలు కాలేజీలో పెట్టుకో తల్లీ."

సొంతవాడని దొంగని వెనకేసుకొచ్చే రకం కాదు నేను. సమాధుల కాపలాదారుకి ఫోన్ చేసేశాను. ఆ తర్వాతే బాబాయ్‌ని నిలదీసి తాళం తీయించాను. నూనె దీపం పట్టుకుని ఇద్దరం దిగాం.

చల్లగా ఉంది. పులిసిన ద్రాక్షసారా, తడి సున్నం కలిసిన వాసన. పీపా వెనక గోడలో చెయ్యి పట్టేంత కన్నం.

"తవ్వింది నువ్వే!"

"తవ్వడం లేదే... పూడుస్తున్నా. రోజూ." బాబాయ్ గొంతు బాగా తగ్గింది. "చెయ్యి పెట్టి చూడు. మనవైపు ఇరుకు, అవతల వెడల్పు. ఎవరు తవ్వితే వాళ్ళవైపే కదా వెడల్పు?"

పెట్టి చూశాను. నిజమే.

"అయితే దొంగ అటునుంచి వచ్చుంటాడు."

"దీపం పెట్టి చూసి చెప్పు."

చిన్న గది. మధ్యలో మూత లేని సమాధి. దాని నిండా పొందికగా పేర్చిన రాతిముక్కలు, మా గోడ సున్నం అంటినవి. తలవైపు దీపపు గూడు... ఎవరూ ఎప్పుడూ దీపం పెట్టలేదేమో, మసే అంటలేదు. లోపలికి రావడానికి ద్వారం లేదు. ఏ వైపునా లేదు.

ఇద్దరం కలిసి కన్నం పూడ్చాం. సున్నం నునుపు చేశాం. నీళ్ళు తేవడానికి బాబాయ్ పైకెళ్ళాడు.

ఉన్నట్టుండి మాళిగంతా చీకటైపోయింది.

దీపం పీపా మీదే పెట్టాను కదా... తడిమాను. లేదు. నేల మీదా లేదు. గోడలో ఏదో గీసుకుంటున్న చప్పుడు. ఆగింది...

"దీపం ఏదే?" మెట్ల మీద బాబాయ్. చేతిలో బకెట్, ఫోన్ వెలుగు.

గోడ చూపించాను. సున్నం తడిగా, చెక్కుచెదరకుండా ఉంది. పక్కన వెంట్రుకంత పగులు. అందులోంచి పసుపుపచ్చటి దీపం వెలుగు... కదులుతోంది.

పైన ఎవరో తలుపు కొట్టారు.

"ఎవరే?"

"కాపలాదారు. నేనే రమ్మన్నాను బాబాయ్... నువ్వే తవ్వుతున్నావనుకుని. గోడ పగలగొట్టి చూడాలి, గునపం తెమ్మన్నాను."

అవతల ఎవరో ఉఫ్‌మని దీపం ఊదేశారు.