బిక్స్‌బీ గాస్కెట్స్‌కి ఏజెంటు కావలెను

దొరకడమే ఉద్యోగమైతే, ఇన్నేళ్ళు దాక్కోవడం నేర్చుకుని ఏం లాభం, అని అతను ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. అద్దం తలుపు మీది అక్షరాలు లోపలినుంచి తిరగబడి కనిపిస్తున్నాయి: గ్లెన్ ప్రూయిట్, రిజిస్టర్డ్ ఏజెంట్. ఆ పేరు అతనిది కాదు. ముక్కు మీది కళ్ళజోడూ అతనిది కాదు, చూపు బాగానే ఉంది. చొక్కా కింద కట్టుకున్న మెత్తటి పొట్ట కూడా అతని గూఢచారి ఆఫీసువాళ్ళు ఇచ్చిందే. షయాన్ ఊరి గాలికి మాత్రం ఇవేమీ పట్టవు. పొద్దుటినుంచీ అది తలుపుని తోస్తూనే ఉంది, లోపల ఎవరో ఒకరు ఉన్నారని తెలిసినట్టు.

మనం కూడా ప్రస్తుతానికి అతన్ని ప్రూయిట్ అనే పిలుద్దాం. అతని అసలు పేరు తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరో ముగ్గురో మిగిలారు.

పని చూస్తే ఏమీ లేదు. వ్యోమింగ్‌లో ఎంత చిన్న కంపెనీ పెట్టినా, దాని తరఫున ఒక మనిషి, ఒక నిజమైన తలుపు వెనక, పగలంతా కూర్చుని ఉండాలి. ఎవరైనా ఆ కంపెనీ మీద దావా వేస్తే కోర్టు సమన్లు ఆ మనిషికే ఇస్తారు. అతను పుచ్చుకుంటే కంపెనీ పుచ్చుకున్నట్టే. ప్రూయిట్‌కి ఎన్నో నగరాల్లో దొడ్డిదారులన్నీ తెలుసు. వీధి తలుపుకి ఎదురుగా కూర్చోవడం మాత్రం ఇదే మొదలు. కూర్చున్న కొద్దీ, తన మొహం తనకి ఎవరో అప్పిచ్చినదేమో అనిపిస్తోంది.

ఈ పని అప్పగించినప్పుడు అధికారి స్ట్రౌడ్ కారు కూడా దిగలేదు. డెన్వర్‌లో ఒక పార్కింగ్ షెడ్డు. ఇంజను ఆన్‌లోనే ఉంది.

"ఏమస్ థ్రెల్‌కెల్డ్ అని షయాన్‌లో ఒక ముసలాయన. రిజిస్టర్డ్ ఏజెంటు. చచ్చిపోయాడు. మంచు తుఫానులో కారు ఆగిపోతే దిగి నడిచాడని షెరీఫ్ రాసుకున్నాడు."

"నడవలేదా?"

"పుట్టి పెరిగినవాడయ్యా. తుఫానులో కారు దిగకూడదని అక్కడ చంటిపిల్లలకి కూడా తెలుసు."

"చంపిందెవరు?"

"హెరాన్."

ఒక విదేశీ ముఠాకి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరది.

"ఈసారి తుపాకులు లేవు," అన్నాడు స్ట్రౌడ్. "లోర్నా బిక్స్‌బీ అని ఒకావిడ ఉంది. మన క్షిపణులు భూమిలో దాచిన గోతులున్నాయి చూడు, వాటి మూతలకి గాస్కెట్లు చేస్తుంది. చిన్న కంపెనీ. షెడ్డు సరిహద్దు అవతల నెబ్రాస్కాలో, రిజిస్ట్రేషన్ వ్యోమింగ్‌లో. అందుకని తనకి తాను ఏజెంటుగా ఉండలేదు, ఈ రాష్ట్రంలో ఉండేవాళ్ళే కావాలి. ఆ గాస్కెట్ డిజైను మాదే అని హెరాన్ దొంగ కంపెనీ ఒకటి దావా వేస్తుంది. సమన్లు ఆవిడకి అందకూడదు, అదీ వాళ్ళ ఎత్తు. అందకపోతే కోర్టుకి రాదు, రాకపోతే ఎక్స్‌పార్టీ తీర్పు, ఆవిడ వాదన వినకుండానే. మూత ఎంత ఒత్తిడికి లేస్తుందో చెప్పే కొలతలు జడ్జిగారే వాళ్ళ చేతిలో పెడతాడు."

"ఆవిడకి చెప్పేస్తే?"

"ఏ పేరుతో, ఏ కోర్టులో వేస్తారో మనకే తెలీదు. చెప్తే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలుస్తుంది. మన మనిషి ఒకత్తె ఆ ముఠాలో ఉంది, చచ్చిపోతుంది. నువ్వు వెళ్ళి అక్కడ ఒక ఆఫీసు తెరిచి ఏమస్ బదులు కూర్చో. ఆవిడ నిన్ను ఎంచుకోవాలి. అంతే."

పది గంటలకి లోర్నా బిక్స్‌బీ వచ్చింది. అరవై దాటిన మనిషి, మగవాళ్ళ కోటు, గోళ్ళలో నల్లటి గ్రీజు. గాలితో కుస్తీపట్టి తలుపు మూసి, ముందు గది నాలుగు మూలలూ చూసింది.

"మీరేనా కొత్తాయన?"

"నేనేనండి. కూర్చోండి."

"కూర్చుంటాను గానీ, ముందు చెప్పండి. మధ్యాహ్నం భోజనానికి తలుపేసుకు పోతారా?"

"ఇక్కడే తింటాను."

"జ్వరమొస్తే?"

"ఇక్కడే మూలుగుతాను."

"జూలైలో రోడియో వారం? ఊరంతా గుర్రాల ఆటకి పోతుందిగా?"

"ఇక్కడే."

"రోడియోకి పోని మనిషిని నేను నమ్మను."

"రేడియోలో వింటానండి."

"బతికిపోయారు." ఆవిడ నవ్వి కూర్చుంది. "ఆ చివరి వీధిలో కోరిన్ డెవెరో అని సినిమాతారలాంటి పిల్ల ఉంది. మొదటి ఏడాది ఉచితమంట. వెళ్ళి చూశాను. గోడ నిండా టపా డబ్బాలు. కుర్చీ లేదు. కూర్చోడానికి కుర్చీయే లేకపోతే నా కోసం ఎక్కడ కూర్చుంటుందీ?"

ప్రూయిట్ ఫారం ఆవిడ ముందుకి జరిపాడు.

"ఏమస్ నా తరఫున ముప్ఫై ఏళ్ళు కూర్చున్నాడు. ఒక్క సమను రాలేదు. అయినా కూర్చున్నాడు." ఆవిడ కలం అందుకుంది. "ఎక్కడ పెట్టాలి సంతకం?"

ఇద్దరూ పెట్టారు. గ్లెన్ ప్రూయిట్ అనే సంతకం అతని చేతినుంచి హాయిగా జారింది. అబద్ధపు పేర్లన్నీ అంతే, వాటికి బరువుండదు. కాగితం రాష్ట్ర కార్యాలయానికి వెళ్ళింది. గాలికి పెద్ద రోడ్లన్నీ మూసేశారనీ, ఇవాళ ఇంటికి పోయేది లేదనీ తిట్టుకుంటూ లోర్నా భోజనానికి వెళ్ళింది.

వీధి తలుపు గొళ్ళెంలో ఆవగింజంత కెమెరా ఉంది. అది చూసినదంతా అతని చేతిగడియారంలో కనిపిస్తుంది. లోర్నా వెళ్ళిన కాసేపటికి అందులో ద్రాక్షరంగు కోటు, పొడవాటి చేతిజోళ్ళు కనిపించాయి.

లోపలికి వచ్చి ఆమె అడిగింది: "లారామీ రోడ్డు మూసేశారా?"

"మూశారు. మంచుకి కాదు, గాలికి."

కోడ్ సరిపోయింది. కోరిన్ డెవెరో చేతిజోళ్ళు తీసింది. హెరాన్ ఆమెకి జీతమిస్తుంది, స్ట్రౌడ్ కూడా ఇస్తాడు. ఏ జీతానికి ఏ పని చేస్తోందో ఆమెకైనా తెలుసా అని ప్రూయిట్‌కి అనుమానం. ఒకప్పుడు యూరప్‌లో రీగా ఊరికి వెళ్ళే రైల్లో ఆమె ఏడవడం చూశాడు. అది నిజం ఏడుపో కాదో ఈనాటికీ తేల్చుకోలేకపోయాడు. దాన్ని తేల్చుకోలేకపోవడమే తనలో మిగిలిన ఒకే ఒక సున్నితమైన చోటని మాత్రం తెలుసు.

"పొట్ట బాగా కుదిరింది," అంది కోరిన్.

"పనేంటో చెప్పు."

"ఆవిడ నిన్ను ఎంచుకుంది. మావాళ్ళు పండగ చేసుకుంటున్నారు."

"ఎందుకు?"

"రేపు పొద్దున్నే మా లాయరు కోర్టుకి వెళ్ళి గ్లెన్ ప్రూయిట్ అనే మనిషే పుట్టలేదని నిరూపిస్తాడు. లేని మనిషి ఒప్పుకోలు చెల్లదు. అంటే బిక్స్‌బీకి ఏజెంటే లేడు. ఏజెంటు లేని కంపెనీ అయితే సమన్లు రాష్ట్ర కార్యాలయంలో పడేస్తే చాలు. వాళ్ళు రికార్డులో ఉన్న పాత చిరునామాకి పోస్టు చేస్తారు."

"ఏమస్ ఇంటికి."

"ఏమస్ ఇంటికి. తలుపు తీయడానికి ఎవరున్నారక్కడ?"

గాలి ఒక్కసారి ఆగింది. ఆ నిశ్శబ్దం గాలికంటే అన్యాయంగా ఉంది.

"మీ ఆఫీసుకి పేరు మార్చడం ఊపిరి పీల్చడంలాంటిది," అంది ఆమె. "ఎవరికీ తప్పని తోచలేదు. నిజం పేరు లేకపోతే చెల్లని ఉద్యోగం ఊరంతటికీ ఇదొక్కటే. వెతికి వెతికి దానికే దొంగపేరు పెట్టారు."

"దారి?"

"నిజంగా పుట్టినవాడు ఒకడు, ఈ చిరునామాలో ఉంటున్నవాడు, ఇవాళ ఐదింటికి రాష్ట్ర కార్యాలయం మూసేలోపల ఒప్పుకోవాలి." చేతిజోళ్ళు మళ్ళీ తొడుక్కుంది. "నీ అసలు పేరు నాకు తెలీదు. అడగను కూడా."

ఆమె వెళ్ళిపోయింది. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగినట్టుంది. జాలో, లెక్కో.

హెరాన్ పెద్దకి ఒక తమ్ముడుండేవాడు. రీగాలో పోయాడు. దానికి కారణం ప్రూయిటే, ఆ పని చేసినవాడి అసలు పేరు కోసం వాళ్ళు ఏళ్ళ తరబడి వెతుకుతున్నారు. ఏజెంటు పేరూ, వీధీ, తలుపు నంబరూ రాష్ట్ర రికార్డులో ఎక్కితే, ప్రపంచంలో ఏ మూలనుంచైనా ఎవరైనా చూసుకోవచ్చు. కోరిన్ తనని కాపాడడానికి వచ్చిందా? లేక గాస్కెట్లు ఎర మాత్రమేనా, అసలు చేప తనా?

అసలు పేరు రాస్తానని ఫోన్లో చెబితే స్ట్రౌడ్ ముందు ఒకే మాట అన్నాడు. "వద్దు."

"ఇంకొకర్ని పంపండి సార్."

"రోడ్లన్నీ మూసేశారు. పోతే పోనీవయ్యా. ఇంకో డిజైను చేయించుకుంటాం."

"ఎన్నాళ్ళకి?"

అటువైపు కారు ఇంజను చప్పుడు పెరిగింది.

"మరి ఆవిడ కంపెనీ?"

"చిన్న కంపెనీ," అన్నాడు స్ట్రౌడ్. "ఒకటి గుర్తుంచుకో. ఆ పేరు బయటికొస్తే నిన్ను నేను కాపాడలేను."

అతను ఫోను పెట్టేశాడు. ఊళ్ళో ఎవరిని అడిగినా ఏజెంటుగా ఒప్పుకుంటారు. ఏమస్ కూడా ఒప్పుకున్నవాడే, అందుకే చంపారు. ఆ ఆలోచన దగ్గర మనసు ఆగిపోయింది. ముందుకీ పోలేదు, వెనక్కీ రాలేదు.

లోర్నా హోటల్లో కిటికీ పక్కన కూర్చుని పచ్చిమిరపకాయల పులుసు తింటోంది.

"లోర్నా గారూ, ఏజెంటు పేరు మార్చాలి."

"పొద్దున్నే కదండీ పెట్టుకున్నాను. అప్పుడే నామీద విసుగొచ్చిందా?"

"ప్రూయిట్ అనేవాడు లేడు."

ఆవిడ చెంచా నెమ్మదిగా కింద పెట్టింది. "మరి నా ఎదురుగా పొట్టేసుకుని నిలబడింది ఎవరు?"

"ఆ పొట్ట కూడా లేదండి."

చెప్పాల్సింది చెప్పాడు, ఎంత తక్కువలో చెప్పగలడో అంతలో. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ వింది.

"ఏమస్ కారు దిగి నడవలేదు కదూ?"

"లేదు."

"నాకు తెలుసు. సమాధి దగ్గర నిలబడి కూడా అదే అనుకున్నాను. ఎవరికి చెప్పాలో తెలీక ఊరుకున్నాను." ముక్కు గట్టిగా చీదుకుంది. "ఆ షెడ్డు మా ఆయన చేత్తో కట్టాడు. అందులో పనిచేసేవాళ్ళ పిల్లలు నన్ను అమ్మమ్మా అంటారు. అది సరే. మీ పేరు రాస్తే మీకేమవుతుంది?"

"నన్ను వెతికేవాళ్ళకి చిరునామా దొరుకుతుంది."

"పారిపోవచ్చుగా తర్వాత?"

"పారిపోతే ఏజెంటు లేనట్టేగా."

ఆవిడ అతన్ని తేరిపార చూసింది. మొదటిసారి నువ్వు అంది. "పిచ్చివాడివి నాయనా. పద."

రాష్ట్ర కార్యాలయంలో గుమాస్తా అప్పటికే చలికోటు తొడుక్కుంటోంది. లోర్నా కౌంటరు మీద రెండు మోచేతులూ ఆనించి, "ఇంకా ఐదు కాలేదమ్మా, నా గడియారం ఆలస్యంగా తిరుగుతుంది, నీదీ అలాగే తిరగాలి," అంది. గుమాస్తా నిట్టూర్చి మళ్ళీ కూర్చుంది.

కలం అతని చేతిలో ఉంది. అక్షరాలన్నీ గుర్తున్నాయి. వాటిని కలిపే చెయ్యి మాత్రం పరాయిదైపోయింది. ఆ పేరుతో అతన్ని ఆఖరిసారి పిలిచింది వాళ్ళ అమ్మ, ఆస్పత్రి మంచం మీదనుంచి. అప్పుడు కూడా అతను అటూ ఇటూ చూశాడు, ఎవరైనా విన్నారేమోనని. ఇన్నేళ్ళూ ఆ పేరుని భద్రంగా దాచానని అనుకున్నాడు. దాచింది పేరునా, పేరు కింద ఎవరూ లేరన్న భయాన్నా?

"మర్చిపోయావా ఏమిటి?" అంది లోర్నా మెల్లగా.

అతను రాశాడు. ఓరిన్ హాడ్లాక్. వంకరగా, చిన్నపిల్లాడు రాసినట్టు వచ్చింది.

గుమాస్తా పైకి చదివింది. ఉలిక్కిపడకుండా ఉండడానికి అతనికి శిక్షణంతా అవసరమైంది.

"హాడ్లాక్. ఈ ఊరివాళ్ళేనా?"

"ఇవాల్టినుంచి."

ఆమె ఒక మీట నొక్కింది. అంతే. ఆమె వెనక గోడగడియారం ముల్లు ఐదు మీదికి వచ్చింది.

మర్నాటికి గాలి తగ్గింది. చివరి వీధిలో కోరిన్ దుకాణం ఖాళీగా ఉంది. టపా డబ్బాలు కూడా లేవు. ఆమె ఎటు పారిపోయిందో, ఎవరినుంచి పారిపోయిందో హాడ్లాక్‌కి తెలియలేదు. అతను కళ్ళజోడు తీసేశాడు, పొట్ట విప్పేశాడు. తలుపు మీద పేరు మార్చాడు. సొరుగులో పిస్తోలు పెట్టుకుని, కుర్చీలో కూర్చున్నాడు. మధ్యాహ్నం అక్కడే తిన్నాడు. అలా రోజులు గడిచాయి. వీధిలో ప్రతి అడుగూ తన పేరు పలుకుతున్నట్టుండేది.

ఒకరోజు ఉదయం చేతిగడియారంలో రెండు సంగతులు ఒకేసారి కనిపించాయి. షెరీఫ్ ఆఫీసు మనిషి ఒకడు, బొద్దుగా, టోపీ ఎగిరిపోకుండా పట్టుకుని, చంకలో కవరుతో మెట్లెక్కుతున్నాడు. కవరు మీద బిక్స్‌బీ గాస్కెట్స్ అని ఉంది. వీధికి అవతలి వైపు నల్లటి కారు ఒకటి ఆగి ఉంది. ఇంజను ఆపలేదు. వెనక అద్దం బెత్తెడు కిందికి దిగింది.

నిజమైన ఏజెంటు ఉన్నాక సమన్లు ఈ తలుపుకే రాక తప్పదు, ఆ కవరు పుచ్చుకుంటే చాలు. ఏ కోర్టో, ఏ పేరో అందులోనే ఉంటుంది. లాయర్లు సిద్ధంగా ఉన్నారు. సాయంత్రానికి హెరాన్ దావా కూలిపోతుంది. తలుపు తీయకపోతే ఏజెంటు లేడని రాసుకుని ఆ మనిషి వెనక్కి వెళ్తాడు, కారు కూడా వెళ్ళిపోవచ్చు. దొడ్డి తలుపు ఉంది. దానికి తాళం వేయలేదని హాడ్లాక్ శరీరానికి తెలుసు. కాళ్ళు అప్పుడే అటు తిరిగాయి కూడా.

తలుపు తట్టిన చప్పుడు.

"ఓరిన్ హాడ్లాక్ మీరేనా?"

హాడ్లాక్ సొరుగు వైపు చూశాడు. దాన్ని తెరవలేదు. తలుపు దగ్గరికి నడిచాడు. అద్దంలోంచి ఆ మనిషి గుండ్రటి మొహం, అతని భుజం మీదుగా కారు.

"ఉన్నారా సార్? ఓరిన్ హాడ్లాక్ మీరేనా?"

కారు అద్దం ఇంకాస్త దిగింది.

"ఈ ప్రశ్న నేను రోజూ అడుగుతాను సార్," అన్నాడు బయటి మనిషి, చలికి కాళ్ళు మార్చుకుంటూ. "దీనికి ఇంతసేపు ఆలోచించినవాళ్ళని మాత్రం మిమ్మల్నే చూశాను."

హాడ్లాక్ గడియ తీసి, "నేనే," అని చెయ్యి చాపాడు.