యాక్సిల్ ఎటు తిప్పాలి?

కర్... కర్... కర్...

ఆసియా పెడల్ తిప్పినప్పుడల్లా పళ్లచక్రం సైకిల్ ఫ్రేముకు రాసుకుంటోంది.

"ఇదేంది దాదా? కొత్త యాక్సిల్ వేసినా గదా!"

ఆ పాత సైకిల్ దాదాది, అంటే ఆసియా తాత ఫకీర్ సాహెబ్‌ది. ఒకప్పుడు దానిమీదే చీరల మూట కట్టుకుని జమ్మలమడుగు నుంచి పెద్దముడియం దాకా తిరిగేవాడు. ఇప్పుడు మూలన పడింది. రేపు పాతసామాన్ల బండి వస్తే ఇచ్చేస్తానని అమ్మ తేల్చి చెప్పింది. ఈలోగా నడిచిందా, సైకిల్ ఆసియాది. లేకుంటే పాత ఇనుమే!

రెండు పెడళ్లనూ కలిపే ఇరుసే యాక్సిల్. పాతది అరిగిపోయింది. పొద్దున దాన్ని పట్టుకుని దాదా, ఆసియా వనజమ్మ సైకిల్ అంగడికి పోయారు. వనజమ్మ పాతదాని పక్కన కొత్తది పెట్టి, పెడల్ కడ్డీ తొడిగి మరీ చూసి ఇచ్చింది.

"నిదానంగా విప్పి చూద్దాం ఆగు బేటీ," అన్నాడు దాదా.

ఆగితే ఆసియా ఎందుకవుతుంది? చెప్పులు కూడా వేసుకోకుండా అంగడికి పరుగెత్తింది.

"వనజత్తా! తప్పు యాక్సిల్ ఇచ్చినావు! పొట్టిది!"

అంగట్లో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. వనజమ్మ ముఖం చిన్నబోయింది.

"కొలిచే ఇచ్చినా గదా పాపా. సరే, విప్పి తీసుకురా పో."

ఆసియా గొణుక్కుంటూ ఇంటికొచ్చి యాక్సిల్ విప్పింది. పాతదాని పక్కన పెట్టింది. రెండూ ఒకే పొడుగు!

మరి ఎందుకు రాసుకుంటాంది? కోపం ఎటు పోయిందో ఏమో, ఆసియా నేలమీద బోర్లా పడుకుని తేరిపార చూసింది. పాతదాన్ని తిప్పింది. కొత్తదాన్ని తిప్పింది.

"దాదా, దీనికి ఒక కొస పొడుగు, ఒక కొస పొట్టి!"

"అవును మరి. పళ్లచక్రం పక్కకు పొడుగు కొస రావాల. అప్పుడే ఫ్రేముకు తగలదు. నువ్వు యా కొస పెట్టినావు?"

ఆసియా నాలుక కరుచుకుంది.

యాక్సిల్ తిరగేసి పెట్టి, పెడల్ కడ్డీలు తొడిగి, పిన్నులు కొట్టి బిగించింది. పెడల్ తిప్పింది. చక్రం సర్రున తిరిగింది. ఎక్కడా రాసుకోలేదు!

"ఇంక ఆ బండోనికి ఏం ఇయ్యాల నేను?" అంటూ అమ్మ నవ్వేసింది.

"ఎక్కు బేటీ! పెన్న దాకా పోయిరా," అన్నాడు దాదా. ఆయన సంతోషం అంతా ఇంతా కాదు.

ఆసియాకు మాత్రం వనజమ్మ ముఖమే గుర్తొస్తోంది. సైకిల్‌ను నేరుగా అంగడికి తొక్కింది.

అంగట్లో ఎవరూ లేరు. వనజమ్మ ఒక్కతే ట్యూబుకు పంచర్ వేస్తోంది.

"ఏం పాపా, యాక్సిల్ తెచ్చినావా?"

మెల్లగా చెప్పేసి పోవచ్చు. ఎవరూ వినరు. కానీ ఇందాక అందరి ముందే కదా అరిచింది?

"కొంచెం ఆగు అత్తా," అంది ఆసియా, గడప పక్కన నిలబడి.

కాసేపటికి గాలి కొట్టించుకోను ఒకాయన వచ్చాడు. వెనకే మరో ఇద్దరు వచ్చారు. ఆసియా అంగడి మధ్యకు వచ్చి నిలబడింది. గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"వనజత్తా! నువ్వు ఇచ్చిన యాక్సిల్ శానా మంచిది! నేనే తిరగేసి పెట్టినా!"

ఇందాక అరిచినంత గట్టిగానే చెప్పింది. అంగట్లో ఉన్నవాళ్లంతా మళ్లీ తిరిగి చూశారు.