తాడు కోసిన కెప్టెన్

సిబెలీ నన్ను చంపేసిన శనివారం మా ఊరు కురిచీబాలో పొద్దుటి నుంచీ వానే. చంపింది ఆటలోనే. అయినా నా చేతులు చల్లబడిపోయాయి.

మాది పాచికలతోనూ మాటలతోనూ ఆడే ఆట. బేకరీ మేడమీద గదిలో నలుగురం కూర్చుంటాం. సిబెలీ వాళ్ల పిన్ని జులేకా గారు కథ నడుపుతారు. సిబెలీ, వాగ్నర్, నేను ఆ కథలో తలా ఒక మనిషి అయిపోతాం. పాత్ర పేరు రాసిన అట్టముక్క ఎవరిది వాళ్ల ముందు ఉంటుంది. అది నిలబడి ఉంటే మాట్లాడేది పాత్ర, పడుకోబెడితే మనం. పాత్ర చచ్చిపోతే ఆ అట్ట జులేకా గారు తీసేసుకుంటారు. ఆ ఆటగాడు బల్ల దగ్గర ఇక నోరు మెదపకూడదు, అందరికీ కాఫీలు పోయాలి. ఆవిడ ఒకప్పుడు చరిత్ర పాఠాలు చెప్పిన మనిషి, నియమమంటే నియమమే.

ఆటలో నేను బల్తజార్ అనే ఉప్పు వర్తకుణ్ణి. మాటల పుట్ట. సిబెలీ ఏమో, కోటను కాచే కెప్టెన్ ఊర్సులా. చచ్చినా నవ్వదు. ఏడాదిగా వాళ్లిద్దరికీ ఒక్క క్షణం పడలేదు. ఏడాదిగా నాకు సిబెలీ తప్ప ఇంకేమీ కనపడటం లేదు. అట్ట నిలబడి ఉన్నంతసేపూ నా నోటికి అడ్డూ అదుపూ ఉండదు. పడుకోబెట్టానా, "ఆ చీజ్ బన్ ఇటివ్వు" అనడానికి కూడా నాలిక తడబడుతుంది.

ఆ రోజు బల్తజార్ కొండచరియ మీంచి జారాడు. లోయలో తాడుకి వేలాడుతున్నాడు. పైన తాడు పట్టుకుని ఊర్సులా.

"కెప్టెన్ గారూ, లోయలో పడితే తప్ప మీరు నన్ను పట్టుకోరని తెలిస్తే ఎప్పుడో దూకేసేవాణ్ణి కదా," అన్నాను.

"నోరు మూసుకుని ఎక్కు."

"ఎక్కుతా. ఒక్క మాట చెప్పి ఎక్కుతా. మిమ్మల్ని ప్రేమిస్తున్నాను."

వాగ్నర్‌కి చీజ్ బన్ గొంతులో అడ్డం పడింది. సిబెలీ రెప్ప వెయ్యలేదు. ఆ చూపు చూసి నాకు ధైర్యం వచ్చింది. తప్పు చేసినవాడు మారిపోయే ఘట్టం, అందరి కళ్లూ తడవాలనుకున్నాను.

"ప్రేమించాక దాపరికం ఉండకూడదు. పోయినేడు కోట వెనక తలుపు తాళంచెవి శత్రువులకి అమ్మింది నేనే. నన్ను క్షమించండి."

ఆ తలుపు దగ్గరే ఊర్సులా తమ్ముడు చచ్చిపోయాడు. ఆ సంగతి బల్ల దగ్గర అందరికీ తెలుసు.

సిబెలీ నా మొహంలోకే చూస్తూ, "పిన్నీ, తాడు కోసేస్తున్నాను," అంది.



"ఏయ్, వాడు మన డానిలో కదే," అన్నాడు వాగ్నర్ నన్ను చూపిస్తూ.

"పాచిక వేస్తావా?" అడిగారు జులేకా గారు. "ఆలోచించుకున్నావా?"

"అక్కర్లేదు. ఊర్సులా ఆలోచించుకుంది."

జులేకా గారు చెయ్యి చాపి నా అట్ట తీసేసుకున్నారు. నేను నోరు తెరిచాను.

"చచ్చినవాళ్లు మాట్లాడరు. కాఫీ," అన్నారావిడ.

పోశాను. సగం సాసర్లలోనే పడింది. ఏడాదిగా ఆ మాట చెప్పడానికి చస్తూ బతుకుతున్నాను. ఎలాగో చెప్పాను. చెప్పగానే తాడు కోసేసింది. ఇంత అసహ్యమా నేనంటే? అడుగుదామంటే అడగడానికి కూడా లేదు.

సిబెలీ తన అట్ట పడుకోబెట్టింది. "పిన్నీ, కాస్త గాలి పీల్చుకుని వస్తా. డానిలో, నువ్వూ రా."

కిందికి దిగి బేకరీ రేకు కింద నిలబడ్డాం. జల్లు కాళ్ల మీద పడుతోంది.

"ఇక్కడ మాట్లాడొచ్చు," అంది.

"ఎందుకు చంపావ్?"

"నేనెక్కడ చంపాను? ఊర్సులా చంపింది. తమ్ముడి చావుకి కారణమైనవాణ్ణి ఆవిడ వదలదు."

"ఆటేగా. వదిలేస్తే ఏం పోయేది?"

"వదిలేస్తే అది ఊర్సులా కాదు డానిలో. నేను." తల దించుకుంది. "తాళంచెవి కాదు, కోట మొత్తం అమ్మేసి వచ్చినా నిన్ను క్షమించేసేదాన్ని. అందుకే నన్ను పక్కన పెట్టి, ఆవిడ చెయ్యాల్సింది ఆవిడ చేత చేయించాను. ఆ మాట అనడానికి నాకెంత కష్టమైందో నీకేం తెలుసు?"

తాడు తెగినప్పుడు కూడా నేను ఇంత అదిరిపోలేదు.

"ఇప్పుడు నువ్వు చెప్పు," అంది. "ప్రేమిస్తున్నానన్నది ఎవరు? ఏడాదిగా వాడి కబుర్లు వింటున్నా. ఏది వాడి మాటో, ఏది నీ మాటో తెలీక పిచ్చెక్కిపోతోంది."

బల్తజార్ అయితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. వాడికోసం లోపలంతా వెతికాను. లేడు, లోయలో ఉన్నాడు.

"నేనే," అన్నాను. "నువ్వంటే ఇష్టం. చాలా."

సిబెలీ తలెత్తింది. "అంతేనా?"

"నాకు అంతే వచ్చు. మాటకారిని నువ్వే చంపేశావుగా."

నవ్వింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. "పోనీలే. వాడు అంత అందంగా చెప్పినా నాకు గుండె ఇలా కొట్టుకోలేదు," అంటూ నా చెయ్యి పట్టుకుంది.

పైన కిటికీ తెరుచుకుంది. జులేకా గారు.

"డానిలో, చచ్చినవాళ్లు మాట్లాడకూడదని చెప్పానా లేదా?"

"వీడు బతికే ఉన్నాడు పిన్నీ," అంది సిబెలీ.

ఆవిడ మా చేతుల వంక చూశారు. మా మొహాల వంక చూశారు. 

"సరే," అన్నారు. "రేపు వాణ్ణి భోజనానికి తీసుకురా. మీ అమ్మ ముందు ఆ మాట అట్ట లేకుండా చెప్పగలడేమో చూద్దాం."

నా చేతులు మళ్లీ చల్లబడ్డాయి. సిబెలీ పట్టుకున్నది మాత్రం వెచ్చగానే ఉంది.